వైన్ గురించి రాసేది ఎవరి కోసం?

వైన్ గురించి ఏది కనబడినా ముందు నేను చూసేది, ఇది ఎవరి కోసం రాశారు అని. కొనేవాళ్ళ కోసమా, అమ్మడానికా, లేక తన కోసమే రాసుకున్నదా? అది తేలితే ఎంతవరకు నమ్మాలో తెలిసిపోతుంది.

మార్కుల సంగతే చూడండి. అమెరికాలో రాబర్ట్ పార్కర్ అనే లాయరు 1978లో ప్రకటనలు తీసుకోని ఒక న్యూస్‌లెటర్ మొదలుపెట్టి, బడిలో పేపర్లు దిద్దినట్టు ప్రతి వైన్‌కీ వందకి ఇన్ని అని వేశాడు (50 నుంచే మొదలనుకోండి). ఫ్రెంచి పేర్లకు నోరు తిరగని కొనుగోలుదారులకు అది పెద్ద ఊరట. కానీ అవే మార్కులు షాపుల్లో సీసాల పక్కన అతికించడం మొదలయ్యాక అది అమ్మకపు రాత అయిపోయింది.

రుచి వాసనల వర్ణనలంటే చాలామందికి చిరాకు గానీ, నాకు అన్నీ కాదు. సావిన్యో బ్లాంక్ అనే వైట్ వైన్‌లో పచ్చి క్యాప్సికం వాసన వస్తుందని రాస్తే అది కవిత్వం కాదు, రెండింట్లోనూ ఆ వాసనకి కారణం ఒకే రకం పదార్థాలు. పది పళ్ళ పేర్లు వరసగా పేర్చేదే నేను చదవలేను.

డైరీతోనే పేరుపడ్డ ఇంగ్లీషువాడు శామ్యూల్ పెపీస్ 1663 ఏప్రిల్ 10న తన డైరీలో, లండన్‌లోని ఒక టావెర్న్‌లో 'హో బ్రయాన్' అనే ఫ్రెంచి వైన్ తాగానని, అలాంటి ప్రత్యేకమైన రుచి ఎప్పుడూ ఎరగనని రాసుకున్నాడు. ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతపు 'ఓ-బ్రియాన్' (Haut-Brion) వైన్ అన్నమాట, పేరు చెవికి విన్నట్టు రాసేశాడు. ఒక్క పండు పేరూ లేదు, అయినా ఆ మాట నమ్ముతాను.

అన్నిటికంటే నాకిష్టమైనది మాత్రం రిపోర్టింగ్. 1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచి, కాలిఫోర్నియా వైన్లను పేర్లు దాచి తొమ్మిదిమంది ఫ్రెంచి జడ్జిలకు ఇచ్చినప్పుడు అక్కడికొచ్చిన విలేకరి ఒక్కడే, టైమ్ పత్రిక జార్జ్ టేబర్. ఏ వైన్ ఎప్పుడు పోస్తున్నారో ఆ వరస కాగితం ఆయన చేతిలో ఉంది, అందుకే ఒక జడ్జి కాలిఫోర్నియాలోని నాపా వైట్ వైన్ తాగి 'ఆహా, మళ్ళీ ఫ్రాన్స్‌కొచ్చాం' అనగానే ఏం జరుగుతోందో ఆయనకు అర్థమైంది. వైట్‌లో షాటో మాంటెలీనా, రెడ్‌లో స్టాగ్స్ లీప్, రెండూ కాలిఫోర్నియావే గెలిచాయి. టేబర్ రాసింది చిన్న వార్తే, కాలిఫోర్నియా వైన్‌కి ప్రపంచంలో పేరొచ్చింది దానితోనే.

నాసిక్ గురించి కూడా ఇలాంటివి చదవాలని ఉంది. వానలు వెనకబట్టాక తీగలు కత్తిరించి, యూరప్ తోటలు ఇంకా నిద్రలో ఉండే జనవరి నుంచి మార్చి మధ్యలో అక్కడ ద్రాక్ష కోస్తారు. ఆ కోతలో నిలబడి, కోసేవాళ్ళతో మాట్లాడి ఎవరైనా రాయాలి.