చరిత్ర డిగ్రీలో మొదటి సెమిస్టర్

ఇంటర్మీడియట్‌లో హెచ్.ఇ.సి. చదివి వచ్చి డిగ్రీలో చరిత్ర తీసుకున్న పిల్లలకు విషయం బాగానే తెలుసు. అది మనకు ఎలా తెలిసిందన్న సంగతి మాత్రం వారికి ఎవరూ చెప్పి ఉండరు. రుద్రమదేవి పాలన గురించి పది మార్కుల ప్రశ్న ఇస్తే ఉపశీర్షికలు పెట్టి, వాటి కింద గీతలు గీసి, అడిగినదంతా చక్కగా రాస్తారు. ఆ జవాబులో ఏ వాక్యానికి ఏది ఆధారమని అడిగితే తరగతి మొత్తం నా ముఖం వంక చూస్తుంది. ఇందులో పిల్లల లోపమేమీ లేదు. రెండేళ్లపాటు వారిని ఆ ప్రశ్న అడిగినవారే లేరు.

అందువల్ల సిలబస్ జోలికి వెళ్లకముందే చందుపట్ల శాసన పాఠాన్ని వారి చేతిలో పెడతాను. నల్గొండ జిల్లాలో దొరికిన ఈ శాసనం శక సంవత్సరం 1211 నాటిది, అంటే క్రీ.శ. 1289. శివలోకం చేరిన కాకతి మహాదేవికీ, అంటే రుద్రమకూ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి దేవుడికి భూమి దానం చేసిన సంగతి అందులో ఉంది. రుద్రమ తనపై తిరగబడిన కాయస్థ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో మరణించిందని చదువుకున్న పిల్లలు ఆ మాట కోసం శాసనమంతా వెతుకుతారు. అది అందులో లేదు. రాణి పేరూ సేనాని పేరూ కలిసి రావడం, అంబదేవుడు ఆ మరుసటి ఏడే త్రిపురాంతకం శాసనంలో తన విజయాలను చాటుకోవడం, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చరిత్రకారులు చేసిన ఊహ అది. బలమైన ఊహే, కానీ ఊహ. ఈ తేడా పట్టుబడిన విద్యార్థికి ఆ తరువాత పాఠ్యపుస్తకంలోని ప్రతి వాక్యం మీదా ఒక ప్రశ్న పుడుతుంది.

ఆ కాలంలో వచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో విషయంలోనూ ఇదే పద్ధతి. మోటుపల్లి రేవు ప్రాంతాన్ని ఏలిన రాణిని ఆయన మెచ్చుకున్నాడని పిల్లలందరికీ తెలుసు. అయితే ఆమెను చనిపోయిన రాజుగారి భార్యగా పేర్కొన్నాడు. రుద్రమ తనకు ముందు ఏలిన గణపతిదేవుడి కూతురు. అలాగని ఆయన రాతలన్నీ పక్కన పడేయాలా? ఏది కళ్లారా చూసి ఉంటాడు, ఏది విని రాసి ఉంటాడు అని విడదీసుకోవడానికే ఒక గంట పడుతుంది, ఆ గంట ఎంత మాత్రమూ వృథా కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువు ఇంగ్లిష్ మీడియంలోకి మారడంతో తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లల మీద రెండు బరువులు ఒకేసారి పడుతున్నాయి. కనీసం మొదటి సెమిస్టర్‌లోనైనా ఆధారాల మీద చర్చ తెలుగులో సాగనివ్వాలని నా గట్టి అభిప్రాయం. ఆలోచన కుదిరిన తరువాత భాష మార్చుకోవడం అంత కష్టం కాదు.

జూనియర్ కళాశాలల్లో పాఠం చెప్పే మిత్రులకు ఒక మనవి. కాకతీయుల పాఠం ముగిశాక ఒక్క పీరియడ్ గణపతిదేవుడి 1244 నాటి మోటుపల్లి శాసనానికి ఇవ్వండి. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారని, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోనని రాజు వర్తకులకు ఇచ్చిన అభయం అది. ఈ మాట ఎవరికి చెప్పాడు, ఎందుకు చెప్పవలసి వచ్చింది అని పిల్లలను అడిగి, వారు ఏం చెబుతారో వినండి.