మౌనంతో బతికే ఉత్తర్వులు

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం చెబుతాను. అమెరికా అధ్యక్షుడు చట్టసభ ఓటు లేకుండా ఇచ్చే కార్యనిర్వాహక ఉత్తర్వుల పాఠం ఏటా ఒక గంటలో ముగిసేది. 2025లో వారం పట్టింది. తరగతిలో చాలామంది పత్తి రైతుల పిల్లలు మరి.

ఆ ఏడాది ఆగస్టు 6న ట్రంప్ ఒక ఉత్తర్వుపై సంతకం చేశారు. రష్యా చమురు కొంటున్నామని మన సరుకులపై ఉన్న 25 శాతం సుంకానికి మరో 25 శాతం కలిపారు. ఆగస్టు 27 నుంచే అమలు, అంటే మూడు వారాల గడువు. మన వస్త్రాలకు అమెరికా పెద్ద మార్కెట్. ముడి పత్తిపై దిగుమతి సుంకం తీసేయాలని మిల్లులు ఎప్పటినుంచో అడుగుతున్నాయి. ఆ 11 శాతాన్ని ఢిల్లీ ఆగస్టు 19 నుంచి ఎత్తివేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మా వైపు కొత్త పత్తి మార్కెట్‌కు వచ్చేది సరిగ్గా ఈ నెలల్లోనే.

పరకాల దగ్గర సేద్యం చేసే మా అన్నయ్య జూన్‌లో విత్తనం పెట్టినప్పుడు ఇవేవీ లేవు. ఆ సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. మొంథా తుఫాను వానకు తడిసి తేమ, మద్దతు ధరకు కొనే హద్దైన 12 శాతం దాటడంతో, ఆయన వ్యాపారి చెప్పిన ధరకే ఇచ్చి వచ్చాడు. ఈ నష్టమంతా వాషింగ్టన్ వల్లే అనను. వానను ఎవరూ ఆపలేరు, దిగుమతి సుంకం తీసేసింది ఢిల్లీ. కానీ చట్టసభలో చర్చ లేకుండా పడిన ఒక్క సంతకం ఇంత దూరం ఎలా వచ్చిందో పిల్లలకు చెప్పడం నా బాధ్యత అనుకున్నాను.

అమెరికా రాజ్యాంగం సుంకాలు వేసే అధికారాన్ని, విదేశీ వాణిజ్యాన్ని కాంగ్రెస్ అనే అక్కడి చట్టసభ చేతిలో పెట్టింది. 1977లో కాంగ్రెస్ అంతర్జాతీయ అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం చేసింది. అధ్యక్షుల అత్యవసర అధికారాలకు హద్దు గీయాలన్నదే అప్పటి ఆలోచన. ఆ చట్టంలో సుంకం అనే మాటే లేదు, దిగుమతులను నియంత్రించవచ్చని మాత్రం ఉంది. ట్రంప్ సుంకాలకు ఆధారం ఈ చట్టమే. దాన్ని మొదట వాడింది మాత్రం అధ్యక్షుడు కార్టర్. టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించి సిబ్బందిని బందీలుగా పట్టుకున్న పది రోజులకు, 1979 నవంబరు 14న, ఇరాన్ ప్రభుత్వ ఆస్తులను స్తంభింపజేశారు. బందీలు 1981 జనవరిలో విడుదలయ్యారు. ఆనాటి అత్యవసర పరిస్థితిని మాత్రం ప్రతి అధ్యక్షుడూ ఏటా పొడిగిస్తూనే ఉన్నాడు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. మన రాష్ట్రపతి 123వ అధికరణ కింద ఇచ్చే ఆర్డినెన్సు, పార్లమెంటు మళ్లీ సమావేశమైన ఆరు వారాల్లో ఆమోదం పొందకపోతే చెల్లదు. సభ మౌనంగా ఉంటే ఆర్డినెన్సు చచ్చిపోతుంది. అక్కడ అందుకు పూర్తిగా విరుద్ధం. కాంగ్రెస్ మౌనంగా ఉంటే ఉత్తర్వు బతుకుతుంది. ఒకప్పుడు ఉభయ సభలు తీర్మానం చేస్తే అధ్యక్షుడి సంతకంతో పని లేకుండా అత్యవసర పరిస్థితి ముగిసేది. 1983లో చద్దా కేసులో అక్కడి సుప్రీంకోర్టు అలాంటి తీర్మానాలు చెల్లవన్నది. ఇప్పుడు ఆ తీర్మానాన్ని అధ్యక్షుడు వీటో చేయవచ్చు, దాన్ని దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మంది కావాలి. హద్దు గీయడానికి పుట్టిన చట్టం చివరికి అధ్యక్షుడికే కోటగోడ అయింది. విదేశాంగ విషయాల్లో అధ్యక్షుడికి వేగం అవసరమే, ఆస్తుల స్తంభన నెలల తరబడి చర్చించే పని కాదు. కానీ సుంకం పన్ను. పన్నుకు సభ ఆమోదం ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

2025 మే నెలలో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం, ఆగస్టు 29న అప్పీళ్ల కోర్టు 7–4 తేడాతో ఈ చట్టం కింద వేసిన సుంకాలు చెల్లవన్నాయి. నవంబరు 5న సుప్రీంకోర్టు వాదనలు విన్నది. మా తరగతి నాటికి తీర్పు రాలేదు. 2026 ఫిబ్రవరి 20న ఆ కోర్టు కూడా ఆ సుంకాలు చెల్లవన్నది.

సుంకాలు కొట్టేస్తే కట్టిన డబ్బు ఎవరికి వస్తుందని గీసుకొండ నుంచి వచ్చే ఒక అమ్మాయి అడిగింది. సుంకం కట్టింది అక్కడి దిగుమతిదారు, తిరిగి ఇవ్వాల్సి వస్తే అతనికే ఇస్తారని చెప్పాను. కొత్తవాడ జంపఖానా నేతగాడికి, పత్తి రైతుకు అందులో వాటా ఉండదు.