శాతం పేరుతో గ్రూపు పెట్టకూడదు

2025 సెప్టెంబరు 21, ఆదివారం రాత్రి పది గంటలకు నేను మా పట్టణంలోని ఒక కిరాణా, జనరల్ హోల్‌సేల్ షాపులో కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాను. తెల్లవారితే దేవీ నవరాత్రులు మొదలవుతాయి. కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చేదీ ఆ రోజే. సెప్టెంబరు 3న ఢిల్లీలో జరిగిన 56వ జీఎస్టీ మండలి సమావేశం 12, 28 శాతం శ్లాబులను దాదాపుగా ఎత్తివేసి, చాలా సరుకులను 5, 18 శాతాలలోకి సర్ది, కూల్‌డ్రింకుల వంటి కొన్నింటికి 40 శాతం నిర్ణయించింది. ఉదయం షట్టరు తీసేసరికి మొదటి బిల్లు కొత్త రేటుతో రావాలి.

ఆ షాపు లెక్కలను ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో అమర్చింది నేనే. 2017 జూన్ చివరి వారంలో, జూలై 1న జీఎస్టీ మొదలవుతుందనగా, అక్కడి సరుకులన్నిటినీ స్టాక్ గ్రూపులుగా విడదీసి ఒక్కొక్క గ్రూపుకు ఒక్కొక్క రేటు ఇచ్చాను. ఆ గ్రూపులకు నేను పెట్టిన పేర్లు ‘పన్ను లేనివి’, ‘5 శాతం’, ‘12 శాతం’, ‘18 శాతం’, ‘28 శాతం’. ఎనిమిదేళ్ళపాటు ఆ ఏర్పాటుతో పెద్ద చిక్కేమీ రాలేదు. ఆ రాత్రి ‘12 శాతం’ గ్రూపును తెరిచి, రేటు ఉన్న చోట 5 అని కొట్టబోయి ఆగిపోయాను. అందులో నెయ్యి, బాదంపప్పు, మిక్చర్ ప్యాకెట్లు ఉన్నాయి. వాటికి 5 శాతం సరైనదే. కానీ పిల్లల నోటుపుస్తకాలు కూడా అందులోనే ఉన్నాయి, వాటికి మరునాటి నుంచి పన్నే లేదు. ‘18 శాతం’ గ్రూపు తెరిస్తే పని ఇంకా కష్టంగా కనిపించింది. టూత్‌పేస్టు, షాంపూ, తలనూనె, బిస్కెట్లు 5 శాతానికి దిగుతున్నాయి. బట్టల పౌడరు, పెన్నులు 18లోనే ఉంటున్నాయి. గ్రూపుకు రేటునే పేరుగా పెట్టాను కనుక, రేటు మారిన రోజున ఆ పేరుకు అర్థం లేకుండా పోయింది.

షాపు యజమాని నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కొక్క సరుకు పేరూ చదువుతున్నారు. సబ్బుల దగ్గరకు వచ్చేసరికి ఆయనకు విసుగు వచ్చింది. “సబ్బు సబ్బే కదమ్మా, ఒంటికి రుద్దితే ఒక పన్ను, చేతులు కడిగితే ఒక పన్నా?” అన్నారు. “ఒంటిసబ్బు బిళ్ళకు 5 శాతమండీ, చేతులు కడుక్కునే లిక్విడ్‌కు 18” అన్నాను. రెండూ హెచ్ఎస్ఎన్‌లో, అంటే సరుకులను అంకెల కోడ్‌లతో వర్గీకరించే పద్ధతిలో, 3401 అనే ఒకే శీర్షిక కిందికి వస్తాయి. నాలుగు అంకెలు ఒకటైనంత మాత్రాన రేటు ఒకటి కావాలని లేదని, బిళ్ళ రూపంలో ఉందా ద్రవ రూపంలో ఉందా అన్నది కూడా చట్టం చూస్తుందని ఆయనకు వివరిస్తుండగానే, నా గ్రూపులను ఏ ప్రాతిపదికన కట్టి ఉండవలసిందో నాకూ స్పష్టమైంది.

శాతాన్ని బట్టి గ్రూపు పెట్టే అలవాటు లెక్కలు రాసే మాకు, జీఎస్టీకి ముందున్న అమ్మకపు పన్ను వ్యాట్ రోజుల నుంచి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఏప్రిల్ 1 నుంచి అమలైన వ్యాట్‌లో ప్రతి నెలా వేసే వ్యాట్ 200 రిటర్ను కొనుగోళ్ళనూ అమ్మకాలనూ రేటువారీగా అడిగేది. చివరి సంవత్సరాలలో కిరాణా షాపులకు ముఖ్యంగా ఉన్నవి 5, 14.5 శాతాల గడులు. రిటర్ను అడిగిన తీరులోనే గ్రూపులు ఉంటే నెలాఖరున మొత్తాలు నేరుగా చేతికి వచ్చేవి. జీఎస్టీలో మాత్రం అమ్మకాల రిటర్ను అయిన జీఎస్టీఆర్-1 లోని 12వ పట్టిక హెచ్ఎస్ఎన్ వారీగా అడుగుతుంది; 2025 మే నెల రిటర్ను నుంచి ఆ కోడ్‌ను చేత్తో రాయకుండా పోర్టల్ చూపించే జాబితా నుంచే ఎంచుకోవాలి, రిజిస్టర్డ్ వ్యాపారులకు అమ్మినదీ మిగిలినవారికి అమ్మినదీ విడివిడిగా చూపాలి. అడిగే ప్రశ్న మారిపోయినా నేను పాత ప్రశ్నకు తగిన గ్రూపులనే ఉంచుకున్నాను. ఆ తప్పు పూర్తిగా నాదే.

ఇప్పుడు నేను గ్రూపులు కట్టే పద్ధతి ఇది. ఒకే హెచ్ఎస్ఎన్, చట్టంలో ఒకే షరతు ఉన్న సరుకులు మాత్రమే ఒక గ్రూపులో ఉంటాయి. గ్రూపు పేరులో రేటు ఉండదు, సరుకూ షరతూ ఉంటాయి. రేటునూ హెచ్ఎస్ఎన్‌నూ గ్రూపు దగ్గరే ఇచ్చి, సరుకు దగ్గర ఏమీ ఇవ్వకుండా వదిలేస్తాను. ఈ చివరి మాట ముఖ్యమైనది, ఎందుకంటే సరుకు దగ్గర విడిగా రేటు ఇచ్చి ఉంటే ట్యాలీ దానినే తీసుకుంటుంది, గ్రూపు రేటును పట్టించుకోదు. గుమాస్తా ఎప్పుడో తొందరలో ఒక సరుకుకు నేరుగా 18 అని ఇచ్చి ఉంటే, తరువాత గ్రూపులో ఎన్నిసార్లు రేటు మార్చినా ఆ సరుకు పాత రేటుతోనే బిల్లులోకి వస్తుంది. ఆ రాత్రి అటువంటివి వెతకడానికే మాకు రెండు గంటలు పట్టింది.

షరతు అంటే ఏమిటో బియ్యం విషయంలో బాగా తెలుస్తుంది. 2022 జూలై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం బస్తా 25 కిలోలు లేదా అంతకు తక్కువ ఉంటే 5 శాతం పన్ను. అంతకు మించితే పన్ను లేదు. మన బజారులో 26 కిలోల బస్తా కనిపించడానికి కారణం ఇదే. కాబట్టి బియ్యానికి నేను ఒక గ్రూపు కాదు, మూడు పెడతాను: 25 కిలోల వరకు ప్యాక్ చేసినవి, అంతకు మించినవి, విడిగా తూచి అమ్మేవి. రెండోదానికీ మూడోదానికీ పన్ను లేదు కదా, వాటిని కలిపితే ఏమని అడిగేవారు ఉంటారు. వాటికి పన్ను లేకపోవడానికి కారణాలు వేరు. రేపు ప్రభుత్వం 25 కిలోల హద్దును మార్చితే రెండోది మారుతుంది, మూడోది మారదు.

ఇందులోనే ఇంకొక మెలిక ఉంది. 25 కిలోల బస్తాను 5 శాతం పన్ను కట్టి కొని, షాపులో మూట విప్పి కిలో, రెండు కిలోలుగా తూచి అమ్మితే ఆ అమ్మకానికి పన్ను వేయనక్కరలేదు. గింజలు అవే అయినా గ్రూపు మారిపోతుంది. అందువల్ల బస్తా విప్పిన రోజే ప్యాక్ చేసిన సరుకు నుంచి విడి సరుకుకు స్టాక్ బదిలీ రాయాలి. పన్ను లేని అమ్మకం కనుక ఆ బస్తా మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకు పొందిన తగ్గింపును, కూడా వెనక్కి ఇవ్వాలి. చిల్లర, టోకు రెండూ ఉన్న షాపుల్లో ఈ బదిలీ రాయనిచోట సంవత్సరాంతానికి స్టాక్ ఏ లెక్కకూ పొసగదు.

అల్లం, శొంఠి కూడా ఇటువంటివే. ఒకే శీర్షిక కిందివే అయినా పచ్చి అల్లానికి పన్ను లేదు, శొంఠికి 5 శాతం. కొబ్బరికాయకు పన్ను లేదు, నూనె గానుగకు పోయే ఎండుకొబ్బరికి ఉంది. చింతపండు 2019 సెప్టెంబరు నెలాఖరు వరకు 5 శాతంలో ఉండి, ఆపైన పన్ను లేనివాటిలోకి వెళ్ళింది. అప్పుడు నేను ఆ ఒక్క సరుకును గ్రూపు నుంచి గ్రూపుకు మార్చి ఊరుకున్నాను. అలా మార్చడంతో పాత నెలల నివేదికల్లో కూడా అది కొత్త గ్రూపు కిందే కనిపించసాగింది. గ్రూపు మార్చకుండా, రేటు మారిన తేదీని మాత్రమే చేర్చి ఉంటే ఆ ఇబ్బంది వచ్చేది కాదు.

రేట్లు ఒకటే అయినా గ్రూపులు వేరుగా ఉండాలనడానికి కొబ్బరినూనెను మించిన ఉదాహరణ నాకు తెలియదు. చిన్న ప్యాకెట్ల కొబ్బరినూనె వంటనూనెల కింది 1513లోకి వస్తుందా, తలనూనెల కింది 3305లోకి వస్తుందా అన్న వివాదం ఎక్సైజు రోజుల నుంచి నలిగి, 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు తీర్పుతో తేలింది: స్వచ్ఛమైన కొబ్బరినూనెను చిన్న ప్యాకెట్లో అమ్మినంత మాత్రాన అది తలనూనె అయిపోదు. అప్పటికి జీఎస్టీలో ఒకదానికి 5, రెండోదానికి 18 శాతం ఉండేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండూ 5 శాతమే. ఇప్పుడు రెండింటినీ ఒకే గ్రూపులో వేస్తే బిల్లులో పైసా తేడా రాదు, కానీ 12వ పట్టికలో తలనూనె వంటనూనె కోడ్ కింద పడుతుంది. రేపు రెంటి రేట్లు మళ్ళీ విడిపోతే ఏ డబ్బా దేని కిందిదో మొదటి నుంచి వెతుక్కోవాలి.

తేదీ సంగతి మరికొంత చెప్పాలి. గ్రూపులో రేటు మార్చేటప్పుడు పాత అంకెను చెరిపి కొత్తది రాయకూడదు. వర్తించే తేదీగా 22-9-2025 ఇచ్చి కొత్త రేటును అదనంగా చేర్చాలి. సెప్టెంబరు 10న 18 శాతంతో బిల్లు చేసిన బిస్కెట్ల పెట్టె అక్టోబరులో తిరిగి వస్తే, దానికి రాసే క్రెడిట్ నోట్ (పాత బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) 18 శాతంతోనే ఉండాలి. క్రెడిట్ నోట్ తేదీ అక్టోబరుది కనుక సాఫ్ట్‌వేర్ తనంతట తాను 5 శాతమే వేస్తుంది. పాత బిల్లు చూసి ఆ రేటును అక్కడ మార్చవలసింది మనిషే, అలా చూడాలంటే పాత రేటు చరిత్ర చెరిగిపోకుండా ఉండాలి. ఆ అక్టోబరులో అలా సరుకు ప్రతి వారం తిరిగి వచ్చింది.

రాత్రి ఒంటిగంట దాటాక మిగిలిన చివరి సరుకు, పసుపూ కుంకుమా కలిపి పేరంటాలకు అమ్మే చిన్న ప్యాకెట్టు. కుంకుమకు పన్ను లేదు, పసుపు పొడికి 5 శాతం. వేర్వేరు సరుకులను కలిపి ఒకే ధరకు అమ్మితే, అది మిశ్రమ సరఫరా అయిన పక్షంలో, అంటే అవి సహజంగా కలిసి ఉండేవి కాకపోతే, వాటిలో ఎక్కువ రేటున్న సరుకు రేటే మొత్తానికి వర్తిస్తుందని కేంద్ర జీఎస్టీ చట్టం 8వ సెక్షన్ చెబుతుంది. పసుపూ కుంకుమా మన ఇళ్ళలో సహజంగానే కలిసి ఉండేవి కదా, దీన్ని మిశ్రమ సరఫరా అనవచ్చునా అని నేను కొంతసేపు ఆలోచించాను. “కలిపి కట్టింది మనం కాదు కదమ్మా, పెద్దవాళ్ళు” అన్నారు ఆయన. ఆ మాట నాకు నచ్చింది, కానీ పన్ను తక్కువ వేసి తరువాత వడ్డీతో కట్టడం కంటే 5 శాతం వేయడమే క్షేమమని చెప్పాను. ‘పసుపు–కుంకుమ, కలిపి ప్యాక్ చేసినవి’ అని దానికొక్కదానికే ఒక గ్రూపు తెరిచి, తేదీ ఇచ్చి, కంప్యూటరు కట్టేశాము.