చేదెక్కక ముందే ఆపాలి

పంగసియస్ వంటి చేపను ఫిల్లెట్లుగా కోసినప్పుడు తల, నడిముల్లు, తోలు, పొట్టభాగం కలిపి చేప బరువులో సగానికి పైగా పక్కకు పోతుంది. అది చాలాచోట్ల దాణాలోకి చేరుతుంది గాని, నడిముల్లును అంటిపెట్టుకుని ఉండే మాంసం మనం కూర వండుకునే ముక్కకు పోషణలో ఏమాత్రం తీసిపోదు. కత్తికి అందని ఆ మాంసాన్ని, మాంసకృత్తును (ప్రోటీన్‌ను) తెంచే ఎంజైములతో రాబట్టి మనుషులు తినే పొడిగా మార్చే విద్య మన తీరప్రాంతానికి ఎంతో అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

శుభ్రం చేసిన ముళ్ళనూ తలలనూ యంత్రంలో నలగగొట్టి, దాదాపు సమానంగా నీరు కలిపి, వేడిని 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపి ఎంజైము వేస్తారు. బిర్యానీ మాంసం మెత్తబడటానికి మన ఇళ్ళలో పట్టించే పచ్చి బొప్పాయిలోని పపెయిన్ ఇక్కడా పనికివస్తుంది. పరిశ్రమలో బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బ్యాక్టీరియా నుంచి తీసే ఆల్కలేజ్ అనే ఎంజైము కూడా బాగా వాడుకలో ఉంది. క్రమంగా చిక్కటి ముద్ద పలచబడుతుంది, మాంసం వదిలిన ముళ్ళు అడుగుకు చేరతాయి.

అసలు నైపుణ్యమంతా ఎప్పుడు ఆపాలో తెలియడంలోనే ఉంది. మాంసకృత్తు అంటే అమైనో ఆమ్లాల గొలుసు. దాని మడతల లోపల దాగి ఉండే లూసిన్, ఫినైల్ అలనిన్ వంటి, నీటితో పొసగని అమైనో ఆమ్లాలు గొలుసు తెగేకొద్దీ బయటపడి నాలుకకు చేదుగా తగులుతాయి. ఆల్కలేజ్ పనిచేసే క్షార ద్రవంలో ఆ గొలుసు బంధాలు తెగుతున్నకొద్దీ ఆమ్లత పుడుతుంది కనుక, పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) 8 వద్ద నిలపడానికి ఎంత క్షారం పోయవలసి వచ్చిందో చూసి, ఎన్ని బంధాలు తెగాయో లెక్కగట్టవచ్చు. ఎంత ముచ్చటైన లెక్క! దిగుబడి కోసం గంటలకొద్దీ సాగదీయడం దాణాకైతే సరిపోవచ్చు గాని, తినే పొడికి ముళ్ళమీద కొంత మాంసం మిగిలిపోయినా ముందుగా ఆపడమే మేలు. 90 డిగ్రీల వద్ద పావుగంట ఉంచి ఎంజైమును నిలిపివేశాక, సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిప్పే యంత్రంలో నూనెను, మడ్డిని వేరుచేసి, మధ్యనున్న ద్రవాన్ని ఆరబెడతారు. వచ్చిన పొడి గాలిలోని చెమ్మను పీల్చి ఇట్టే గడ్డకడుతుంది.

ముడిసరుకు తాజాదనం విషయంలో రాజీ పనికిరాదు. కానాగంత, ట్యూనా వంటి చేపలు ఎండలో ఉండిపోతే పుట్టే హిస్టమిన్ అనే హానికర పదార్థాన్ని ఈ ఎంజైములు గాని, చివర్లో పెట్టే వేడి గాని పోగొట్టలేవు. చేప పడనివారికి ఈ పొడి సురక్షితమని అనుకోవడానికీ వీల్లేదు. సూపులో కలిపినా, బిస్కెట్టులో కలిపినా, అందులో చేప ఉందన్న సంగతి పొట్లం మీద స్పష్టంగా రాయాలి.