గోల్కొండ ఓడ, దేవ్లీ రైలు

ఇప్పుడు ఒడిశాలో ఉన్న మన కోరాపుట్, జయపురం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కింద ఉండేవి. సాలూరు నుంచి జయపురం దాకా 1880లలోనే జర్మన్ లూథరన్ మిషనరీలు వచ్చి బళ్లు పెట్టారు, మన భాషలు నేర్చారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఊళ్లో పాదిరిగారు కాస్తా శత్రుదేశస్థుడైపోయాడు. దేశమంతటా జర్మన్ మగవాళ్లను పట్టి అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు. 1915-16లో మిషనరీలను, ఆడవాళ్లను, పిల్లలను ఓడెక్కించి పంపేశారు. ఆ ఓడ పేరు గోల్కొండ! ఇక్కడి క్రైస్తవ సంఘాల బాధ్యత రాజమండ్రి అమెరికన్ లూథరన్ల మీద పడింది.

శత్రుదేశస్థులని మనుషులను పట్టి బంధించే ఈ పని ఎక్కడైనా దాదాపు ఒకే వరసలో జరుగుతుంది. ముందు స్టేషన్‌కొచ్చి పేరు రాయించుకోమంటారు. చిన్న పనే కదా అని అందరూ వెళ్తారు. తర్వాత ఊరు దాటాలంటే పర్మిట్ కావాలంటారు. ఆపైన వ్యాపారానికి తాళం పడుతుంది. చివరికి మనిషి కోసం వస్తారు. చిరునామా అప్పటికే వాళ్ల చేతిలో ఉంటుంది, వెతకాల్సిన పనే లేదు. తప్పంతా ఆ మొదటి కాగితంలోనే ఉంది. ఏం చేశావని అందులో అడగరు, తండ్రిది ఏ దేశమని అడుగుతారు. 1939లో హిట్లర్ బారి నుంచి పారిపోయి మన దేశానికి వచ్చిన యూదులను సైతం జర్మన్ పాస్‌పోర్టు ఉందని లోపల వేశారు. వందమంది అమాయకులను పట్టినా అధికారిని నిలదీసేవాళ్లుండరు, ఒక్క గూఢచారి తప్పించుకుంటే మాత్రం ఉద్యోగానికే ముప్పు. జాబితా పెరుగుతూ పోవడానికి కారణం ఇదే.

1962లో చైనా యుద్ధం అక్టోబరు 20న మొదలై నవంబరు 21న ఆగింది. దాదాపు నెల. అస్సాంలోని మాకుమ్‌లాంటి ఊళ్లలో తరతరాలుగా ఉంటున్న చైనా సంతతివాళ్లను, మొత్తం దాదాపు 3,000 మందిని, రాజస్థాన్‌లోని దేవ్లీకి రైల్లో తరలించారు. వారం రోజుల ప్రయాణం. తల్లి ఈ దేశపు మనిషే అయినా పిల్లలు వెళ్లక తప్పలేదు. కొందరు 1967 దాకా అక్కడే ఉన్నారు. తిరిగొచ్చేసరికి ఎంతోమంది ఇల్లూ దుకాణమూ వేలంలో పోయాయి. 1942లో జపాన్ సంతతివాళ్లను బంధించిన అమెరికా, 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పింది, అప్పటికి బతికున్నవాళ్లకు తలా 20,000 డాలర్లు ఇచ్చింది. దేవ్లీవాళ్లకు ఆ ఒక్క మాట కూడా దక్కలేదు, ఇది అన్యాయం.

ఆస్తి చిక్కు మాత్రం ఇంకా తెగలేదు. శత్రుదేశస్థులుగా లెక్కకట్టినవాళ్ల ఆస్తిని ప్రభుత్వ అధీనంలో ఉంచే 1968 నాటి శత్రు ఆస్తి చట్టాన్ని 2017లో సవరించారు. వారసుడు భారత పౌరుడైనా ‘శత్రువు’ కిందే లెక్క, వారసత్వ చట్టం వర్తించదు, సివిల్ కోర్టుకు పోవడానికి లేదు. ఆస్తి కస్టోడియన్ (అలాంటి ఆస్తులు చూసే ప్రభుత్వ అధికారి) పరమైనట్టు ఉత్తర్వు వస్తే 30 రోజుల్లో కేంద్ర ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవాలి, ఆ తర్వాత హైకోర్టు. లాయరు కోసం తిరుగుతూ కూర్చుంటే ఆ గడువు కాస్తా పోతుంది.

2025 దాకా అమల్లో ఉన్న 1946 నాటి విదేశీయుల చట్టం, తాను విదేశీయుణ్ణి కాదని నిరూపించుకునే భారాన్ని అనుమానితుడి మీదే పెట్టింది, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ అంతే. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో ఉన్న మనకు ఇది బాగా అర్థం కావాలి. తెలుగు బడి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఒడియా పట్టాలో చివరికి పోతుంది. కాగితాల మీద ఒకే మనిషి ఇద్దరవుతాడు. తాత పేరున్న పాత పట్టా, బడి టీసీ, ఓటరు జాబితా నకలు ఒకచోట పెట్టుకోండి. పేరు తేడా ఉంటే, రెండు రూపాలూ రాసి ఇప్పుడే అఫిడవిట్ చేయించుకోండి.