పొద్దెక్కకముందే రామప్ప

మాది హనుమకొండ. మే నెలలో ఇక్కడ ఎండ 42, 43 డిగ్రీలకు చేరుతుంది. సెలవుల్లో పిల్లలను ఇంట్లో ఉంచితే ఫోన్ వదలరు, బయటికి తీసుకెళ్దామంటే వడదెబ్బ భయం. మాకు ఇద్దరు, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు.

కిందటి ఎండాకాలం పిల్లలను వరంగల్ కోటకు తీసుకెళ్లాం. అక్కడికి చేరేసరికి పదకొండయింది. కీర్తితోరణాల మధ్య ఆ మైదానంలో పాప అరగంట పరుగెత్తింది. ఒక్కసారి కూడా నీళ్లు అడగలేదు. ఉన్నట్టుండి తలనొప్పి అంది, వాంతి చేసుకుంది. చెంపలు ఎర్రగా కమిలిపోయాయి. పక్కనే ఉన్న ఖుష్ మహల్‌లోకి ఎత్తుకెళ్లాం. ఆ మందపాటి గోడల లోపల చల్లగా ఉంటుంది. తడి తువ్వాలతో ఒళ్లంతా తుడుస్తూ, ఓఆర్ఎస్ నీళ్లు చెంచాతో పట్టిస్తే గంటకు తేరుకుంది. ఆ గంట నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఆటలో పడిన పిల్లలకు దాహం తెలియదని, వాళ్లు అడిగే దాకా ఆగకూడదని ఆరోజు తెలిసింది. మేం వెళ్లిన వేళే తప్పు.

అందుకే ఈసారి రామప్పకు వెళ్దామనుకున్నప్పుడు ముందు వేళ ఖాయం చేశాం. తెల్లవారుజామున పావు తక్కువ ఐదుకు బయలుదేరాలి, పదిలోపు తిరుగుముఖం పట్టాలి. మధ్యలో ఇంకో ఊరు, ఇంకో గుడి వద్దు. లక్నవరం కూడా చూసొద్దామని మా ఆయన అన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. అక్కడికి వానలు పడ్డాక చెరువు నిండినప్పుడు వెళ్తేనే బాగుంటుంది.

అత్తమ్మ రాత్రే సద్ది సిద్ధం చేసింది. పెరుగన్నం, మామిడికాయ తొక్కు, కీరకాయలు, ఉప్పేసిన పలుచని చల్ల. నీళ్ల సీసాలకు తడి నూలు గుడ్డలు చుట్టి కారు కిటికీ పక్కన పెట్టాను. "గుడ్డ ఎందుకమ్మా?" అని పాప అడిగింది. "మన రంజన్‌లో నీళ్లు ఎందుకు చల్లగుంటయి బిడ్డా? బయట చెమ్మ ఆరుతుంటే లోపలి వేడిని లాక్కపోతది. ఇదీ అంతే" అన్నాను. దారి పొడవునా గుడ్డ ఆరిందా లేదా అని తడిమి చూడటం, మళ్లీ తడపడం దాని పనే అయింది.

ఆత్మకూరు, మల్లంపల్లి దాటి ములుగు చేరేసరికి తెల్లగా తెల్లవారింది. జంగాలపల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి పాలంపేట వైపు తిరిగాక ఏసీ ఆపేసి అద్దాలు దించాం. ఆ పొద్దుటి గాలి కోసమైనా అంత తొందరగా లేవొచ్చు.

ఆరున్నరకు గుడి ముందున్నాం. గుడి అంటే చెప్పులు విప్పాలి కదా, వేసవిలో పిల్లలతో అసలు చిక్కు అక్కడే. తొమ్మిది దాటితే బండలు చిన్న పాదాలను కాల్చేస్తాయి. ఆ వేళలో మాత్రం రాయి చల్లగా ఉంది, బాబు గుడి చుట్టూ పరుగెత్తాడు. అడుగున వరుసగా చెక్కిన ఏనుగులను లెక్కపెట్టడం మొదలుపెట్టి, యాభై దాటాక లెక్క తప్పి, మళ్లీ మొదటికొచ్చాడు. మేం తొందరపెట్టలేదు. చూడాల్సింది ఒక్కటే అయినప్పుడు తొందర ఎందుకు?

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో వేయించిన శాసనం ఇక్కడ ఉంది. గుడి కట్టడానికి నలభై ఏళ్లు పట్టిందంటారు. యునెస్కో 2021లో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఈ సంగతులు పాపకు చెప్పాను కానీ దాని చూపంతా పైన నల్లరాతి మదనికల మీదే, అంటే చెక్కిన ఆడవాళ్ల బొమ్మల మీదే ఉంది. ఒక బొమ్మ కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు కనిపించగానే నాన్నను లాక్కొచ్చి చూపించింది. గర్భగుడికి ఎదురుగా చెవులు రిక్కించి కూర్చున్న నంది ముందు అత్తమ్మ చాలాసేపు నిలబడింది.

గుడి తూర్పు ముఖం కాబట్టి పొద్దున నీడ వెనక, పడమటి వైపు పడుతుంది. పొద్దెక్కేకొద్దీ ఆ నీడ గోడ దగ్గరికి జరుగుతుంటే మేమూ దానితో జరుగుతూ కూర్చున్నాం. గోపురం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికని, పునాదిలో ఇసుక నింపారని అక్కడే చెప్పాను. "ఇటుక తేలుతదా?" అని బాబు పదిసార్లు అడిగి ఉంటాడు. అరగంటకోసారి అందరం రెండు గుక్కలు చల్ల తాగాలన్నది నియమం, దాహం ఉన్నా లేకున్నా. పిల్లలు మూత్రానికి వెళ్తున్నారా, రంగు ముదిరిందా అన్నది కూడా గమనిస్తూ ఉన్నాను.

ఎనిమిదిన్నరకు చెరువు కట్ట మీదికి వెళ్లాం. గుడి కట్టిన చోట చెరువూ తవ్వించిన కాకతీయుల మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఆ నీటి మీది గాలికి నా పిల్లలు సేదదీరారు. చెట్టు కింద సద్ది విప్పాం. నీళ్లలోకి దిగుతామని ఇద్దరూ మారాం చేశారు కానీ దింపలేదు, లోతు తెలియని చెరువు.

తొమ్మిదిన్నరకు కారు తలుపులన్నీ తెరిచి పది నిమిషాలు ఆగాం. సీటు బెల్టు బకిల్ చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది, తడి గుడ్డ పెట్టి చల్లార్చాకే పిల్లలను ఎక్కించాం. ములుగు దాటాక రోడ్డు పక్కన తాటి ముంజలు కొన్నాం. అప్పటికప్పుడు కోసి ఇచ్చిన లేత ముంజల నీళ్లు మోచేతుల దాకా కారుతుంటే పిల్లలిద్దరూ చెట్టు కింద నిలబడి తిన్నారు.

పదకొండున్నరకు ఇంట్లో ఉన్నాం. నిద్రపోతారనుకుంటే బాబు పెరట్లో ఇటుక ముక్క వెతికి బకెట్లో వేశాడు. మునిగింది. చాలాసేపు దాన్నే చూసి, "ఇది రామప్పది కాదు" అన్నాడు.