క్రేటు మీద కుంకుమ

చీమకుర్తి నుంచి కంటైనర్ వచ్చిందంటే మా యార్డులో అందరికంటే ముందు నేనే నిలబడతాను. ఊరి వాసనేమీ రాదు, వచ్చేది తడిసిన చెక్క వాసనే. అయినా గెలాక్సీ గ్రానైట్ స్లాబుల్లో ఆ బంగారు చుక్కలు మెరిస్తే రామతీర్థం క్వారీల పక్కన సైకిలు తొక్కిన రోజులు గుర్తొస్తాయి. అక్కడ పాలిషింగ్ యూనిట్‌లో పదకొండేళ్ళు చేసి, ఇక్కడ జర్మనీలోని బవేరియాలో, చెక్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న రాళ్ళ యార్డుకి వచ్చాను. ఇక్కడికొచ్చే మన రాయి చాలావరకు సమాధులకే పోతుంది. ఆ సంగతి మా అమ్మకు ఇంతవరకూ చెప్పలేదు.

పోయినేడు దసరాకి బయల్దేరిన లోడు వచ్చింది. మొదటి క్రేటు దించబోతూ ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పెద్దాయన బండి ఆపేశాడు. క్రేటు పక్క చెక్కకి పసుపు పూసి, దాని మీద కుంకుమతో జానెడు స్వస్తిక్. నాలుగు గడుల్లో నాలుగు చుక్కలు. ఆయుధపూజ చేసి ఎక్కించినట్టున్నారు. అంత సముద్రం దాటొచ్చినా చెరగలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. పెద్దాయన మాత్రం ఒక్క మాట కూడా అనకుండా టార్పాలిన్ తెచ్చి కప్పేసి, గేటు వైపు చూశాడు. ఆ రోజు సమాధిరాయి చూసుకోడానికి ఎవరో కుటుంబంతో వస్తున్నారు.

ఇక్కడి శిక్షాస్మృతిలో 86ఎ అని ఒక సెక్షన్ ఉంది. నాజీల స్వస్తిక్ లాంటి, నిషేధించిన పార్టీల గుర్తులు నలుగురిలో చూపిస్తే 3 ఏళ్ళ దాకా జైలు, లేదా జరిమానా. చదువుకీ పరిశోధనకీ కళకీ మినహాయింపు ఉంది. ఎంత పట్టింపంటే, నాజీలను వ్యతిరేకిస్తూ ఆ గుర్తు మీద గీత కొట్టిన బ్యాడ్జీలు అమ్మినాయన మీద కూడా కేసు నడిచింది. అది నేరం కాదని 2007లో పైకోర్టు తేల్చాల్సి వచ్చింది. కుంకుమ స్వస్తిక్ మాట ఆ సెక్షన్ రాసినవాళ్ళకి తట్టి ఉండదు.

టీ టైములో పెద్దాయనే అడిగాడు, అదేంటో చెప్పమని. సుద్దముక్కతో స్లాబు మీద రెండూ గీశాను. మనది నిటారుగా, చుక్కలతో. నాజీలది 45 డిగ్రీలు ఒరిగి. వాళ్ళది ఎడమకి తిరిగిందని మన వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతుంటారు కదా, గీశాక చూస్తే రెండూ కుడికే. ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి, "ఇక్కణ్ణుంచి నాకు రెండూ ఒకటే" అన్నాడు.

ఆ ఆదివారం నన్ను ఫ్లోసెన్‌బుర్గ్ తీసుకెళ్ళాడు. అదీ గ్రానైట్ ఊరే. ఆ రాయి కోసమే 1938లో నాజీలు అక్కడ నిర్బంధ శిబిరం పెట్టారు. 1945 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం వచ్చేలోపు, ఉపశిబిరాలతో కలిపి దాదాపు లక్షమందిని బంధించారు. సుమారు 30,000 మంది చనిపోయారు. క్వారీ దగ్గర నిలబడితే అలవాటుకొద్దీ నా కళ్ళు డ్రిల్లు గాట్ల కోసం వెతికాయి. రాయి మోయడమంటే ఏంటో నాకు తెలుసు. కానీ మా మేస్త్రి ఎంత అరిచినా సాయంత్రానికి కూలీ చేతిలో పెట్టేవాడు.

సోమవారం యార్డు నుంచే బావమరిదికి ఫోన్ చేశాను. లోడింగ్ చూసేది వాడే. చేతులకి గ్లౌజులుండి స్పీకర్ పెట్టాను.

"ఏంది బావా, బొట్టు పెట్టడానికి కూడా వాళ్ళ పర్మిషనా? మనది వేల ఏళ్ళ నుంచీ ఉండేది. ఎవడో ఎత్తుకుపోయి పాడుచేస్తే మనం మానుకోవాలా?"

వాడన్నదాంట్లో తప్పు లేదు. "మానుకోమన్లేదు రా. ఇంట్లో వేసుకో, యూనిట్ గుమ్మానికి వేసుకో. సమాధిరాయి కొనుక్కోడానికి వచ్చినోళ్ళ మొహాన మాత్రం పెట్టమాక."

"ఆ పెద్దాయనెవరో హిట్లర్ మాదిరున్నాడే!" అని పకపకా నవ్వాడు.

పెద్దాయన పక్కనే క్రేటు పట్టీలు విప్పుతున్నాడు. మేం మాట్లాడుకున్న తెలుగంతట్లో ఆయనకి తెలిసింది ఆ ఒక్క మాటే. పట్టీ చేతిలో అలాగే ఉండిపోయింది.

ఒంగోల్లో మా డ్రిల్లు మేష్టారికి మేం పెట్టిన పేరు హిట్లర్. యూనిట్‌లో సూపర్‌వైజర్‌కీ అదే పేరు. ఎన్నివేల సార్లు అనుంటానో. స్వస్తిక్ గురించైతే గంటసేపు చెప్పాను. దీనికేం చెప్పాలో తెలీలేదు.

"గట్టిగా ఉండేవాళ్ళని మా ఊళ్ళో అలా పిలుస్తారు" అన్నాను.

"గట్టిగానా?" అన్నాడాయన. మళ్ళీ పట్టీలు విప్పుకున్నాడు.

ఇప్పుడు క్రేట్ల మీద పసుపూ, మూడు కుంకుమ బొట్లూ వస్తున్నాయి. బావమరిది సణుగుడు ఆపలేదు. క్రేట్ల చెక్క చలికాలం అంతా యార్డు పొయ్యిలోకే పోతుంది. ఆ ఒక్క పలకని మాత్రం పెద్దాయనే ఊడదీసి, గుడ్డలో చుట్టి నా కారులో పెట్టాడు. అదిప్పుడు మా వంటింట్లో దేవుడి అరలో ఉంది, తలుపేస్తే కనబడదు. మొన్న వీడియో కాల్లో అమ్మ చూసింది. అంత చక్కగా ఉంటే లోపల దాచావేందిరా, వీధి గుమ్మానికి కొట్టుకోమంటోంది.